గింజలో దాక్కున్న గులాబి పురుగు

గులాబి రంగు పురుగు పేరు తెలియని పత్తి రైతు ఉండడు. దాని తల్లి పురుగును, అంటే రెక్కల పురుగును, దగ్గరగా చూసినవాళ్లు మాత్రం చాలా తక్కువ. అది ఒక సెంటీమీటరు పొడవు కూడా ఉండదు. ముందు రెక్కలు మట్టి రంగులో ఉంటాయి, వాటి మీద నల్లటి మరకలు. వెనక రెక్కలది వెండి కలిసిన బూడిద రంగు. వాటి అంచున సన్నటి కుచ్చు ఉంటుంది. పగలంతా మట్టి పెళ్లల కిందా, రాలిన ఆకుల కిందా నక్కి ఉంటుంది. రాత్రి బాగా పొద్దుపోయాక జత కడుతుంది, గుడ్లు పెడుతుంది. పొలంలో అది ఉందో లేదో తెలియాలంటే లింగాకర్షక బుట్ట కట్టి పొద్దున్నే లెక్క చూసుకోవాల్సిందే. మన కంటికి కనపడకుండా బతకడంలో దీన్ని మించిన పత్తి పురుగు లేదు. ఇన్ని కోట్లు ఖర్చు చేసి కూడా దాని చేతిలో మనం ఓడిపోతూ ఉండటానికి ఇది మొదటి కారణం.

నేను ఢిల్లీలో కటవారియా సరాయ్‌లో ఉంటాను. ఐఐటీకీ, జేఎన్‌యూకీ, కుతుబ్ ఇన్‌స్టిట్యూషనల్ ఏరియాకీ నడుమ ఇరుక్కున్న ఈ ఊళ్లో పోటీ పరీక్షలకు చదివే తెలుగు పిల్లలు చాలామంది అద్దె గదుల్లో ఉంటారు. ఊరి నుంచి వచ్చేటప్పుడు బియ్యం మూట తెచ్చుకుంటారు. ఎండలు ముదిరాక ఆ మూటల్లోంచి చిన్న బూడిద రంగు పురుగులు లేచి ట్యూబ్‌లైటు చుట్టూ తిరుగుతుంటాయి. మా మేడ మీద గదిలో ఉండే ఆదిలాబాద్ జిల్లా కుర్రాడు ఒకసారి అలాంటిదాన్ని గ్లాసు కింద బంధించి తెచ్చాడు. "సార్, మా చేనులో పత్తి తినేది ఇదేనా?"

అది కాదు. అతను తెచ్చింది బియ్యపు పురుగు, కార్సైరా. బియ్యాన్ని దారాలతో ఉండలు కట్టేది అదే. మూటను ఎండబెట్టి జల్లెడ పడితే పోతుంది. పైగా మన వ్యవసాయ ప్రయోగశాలల్లో దాన్ని పనిగట్టుకుని పెంచుతారు. ట్రైకోగ్రామా అనే మిత్రకీటకాన్ని కార్సైరా గుడ్ల మీదే వృద్ధి చేసి, కార్డులకు అంటించి రైతులకు ఇస్తారు. ఆ కుటుంబానికే చెందిన ట్రైకోగ్రామటాయిడియా బాక్ట్రే గులాబి పురుగు గుడ్లను వెతికి వాటిలో తన గుడ్లు పెడుతుంది. కాబట్టి గదిలో తిరిగే పురుగును చూసి భయపడాల్సింది ఏమీ లేదని చెప్పాను.

అప్పుడు అతను ఫోన్ తీసి, వాళ్ల నాన్న పంపిన ఫొటోలు చూపించాడు. భయపడాల్సింది వాటిలో ఉంది. బయట మచ్చ లేని పచ్చటి కాయ. కొడవలి మొనతో నిలువునా చీల్చారు. ఒక అర తెల్లగా, నిండుగా ఉంది. పక్క అరలో దూది పసుపు పట్టి ముద్దయింది. రెండు గింజలు ఒకదానికొకటి అతుక్కుని జోడుగా ఉన్నాయి, మధ్యలో సన్నటి దారాల గూడు. ఫొటోను పెద్దది చేస్తే ఆ జోడు గింజ సందులో ముడుచుకుని పడుకున్న పురుగు తల కనిపించింది. ఫొటో తీసింది జనవరి నెలాఖరులో. "ఇంకా చేను ఉంచారా?" అని అడిగాను. "మార్చి దాకా ఉంచుతారు సార్ మా నాన్న. ఆఖరు ఏరుడు పైసలే మాకు మిగిలేవి" అన్నాడు.

ఆ జోడు గింజ దగ్గర కాసేపు ఆగాలి. ఈ పురుగు జీవితం అర్థమయ్యేది అక్కడే.

తల్లి పురుగు వందకు పైగా గుడ్లు పెడుతుంది. ఒక్కో గుడ్డు అర మిల్లీమీటరు, గసగసం గింజలో సగం. తొలి పూత సమయంలో గూడల మీదా, అంటే పూమొగ్గల మీదా, కాయ పట్టాక కాయ తొడిమె దగ్గర పచ్చటి రేకుల చాటునా పెడుతుంది. నాలుగైదు రోజుల్లో పిల్ల పురుగు బయటికొస్తుంది. బయట తిరిగేది మహా అయితే రెండు గంటలు. ఆలోపే పూమొగ్గలోకో, కాయలోకో దూరిపోతుంది. దూరిన రంధ్రం సూదిమొనంత. కాయ పెరిగేకొద్దీ అదీ పూడుకుపోతుంది. మందు కొట్టే రైతుకు దొరికే వ్యవధి ఆ కాసేపే. ఆ తర్వాత ఎంత ఖరీదైన మందయినా కాయ పైన తడి అవుతుందే తప్ప లోపలికి చేరదు. మొగ్గలో చేరిన పురుగు రేకులను దారంతో కుట్టేస్తుంది. ఆ పువ్వు విచ్చుకోదు. గుడ్డిపూలు అని మన రైతులు అనేవి ఇవే. కాయలో చేరినది గింజ నుంచి గింజకు తొలుచుకుంటూ పోతుంది. మొదట్లో తెల్లగా ఉండి, పెద్దదయ్యేసరికి ఒంటి మీద గులాబి రంగు చారలు వస్తాయి. రెండు వారాల్లోపు తిండి ముగించి, కాయకు గుండ్రటి కన్నం చేసి నేల మీద పడుతుంది. మట్టిలోనో, రాలిన ఆకుల్లోనో వారం పది రోజులు కోశస్థ దశలో ఉండి, మళ్లీ రెక్కలతో లేస్తుంది. అంతా కలిపి నెల రోజుల లెక్క. ఆరు నెలల పంటలో నాలుగైదు తరాలు గడిచిపోతాయి. ప్రతి తరమూ ముందటి దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ.

ఇదంతా పంట మధ్యకాలం కథ. చలి మొదలై పగళ్లు కురచబడ్డాక, గింజలో నూనె నిండిన కాయల్లో పెరిగిన పురుగులు చాలావరకు నేల మీద పడవు. రెండు గింజలను దారంతో కలిపి కుట్టుకుని వాటి నడుమ నిద్రావస్థలోకి వెళతాయి. తిండి లేదు, కదలిక లేదు. అలా నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాటి కూడా బతుకుతాయి. వానలు పడి కొత్త పత్తి మొలిచే వేళకు మేల్కొంటాయి. డిసెంబరులో చేను తీసేస్తే ఈ నిద్రపోయే తరం తక్కువ. మార్చి దాకా ఉంచితే చేనంతా దానికి నర్సరీ అవుతుంది. వచ్చే ఏడాది పురుగు తీవ్రత ఈ ఏడాది చివరి మూడు నెలల్లోనే నిర్ణయమైపోతుంది. నేను చెప్పదలచుకున్నది ప్రధానంగా ఇదే.

గింజలో పడుకుని ఊళ్లు దాటడం దీనికి కొత్త కాదు. 1842లో గుజరాత్‌లోని భరూచ్ పత్తిలో దీన్ని గుర్తించారు. మరుసటి ఏడాది సాండర్స్ అనే ఇంగ్లిషు శాస్త్రవేత్త శాస్త్రీయ నామం పెట్టాడు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో భారతీయ పత్తితో ఈజిప్టు చేరింది. ఈజిప్టు గింజలతో మెక్సికో వెళ్లింది, 1917లో టెక్సాస్‌లో బయటపడింది. ఇంత చిన్న రెక్కలతో సముద్రాలు దాటలేదు. వర్తకంలో తిరిగిన గింజల్లో కూర్చుని వెళ్లింది.

మన కాలంలో అదే పని ఢిల్లీ చుట్టుపక్కల మళ్లీ జరిగింది. హర్యానాలోని జీంద్ జిల్లా జాతీయ రాజధాని ప్రాంతంలో భాగమే, కటవారియా సరాయ్ నుంచి మూడు గంటల ప్రయాణం. పురుగును చంపే విషాన్ని తనలోనే తయారుచేసుకునే బీటీ పత్తి వచ్చాక ఉత్తరాదిలో చాలా ఏళ్లు గులాబి పురుగు బెడద లేదు. 2018-19 సీజన్లో జీంద్ దగ్గర కనపడింది. ఎక్కడ కనపడిందో చూడండి: జిన్నింగ్ మిల్లులకూ, పత్తి గింజల నూనె మిల్లులకూ దగ్గరగా ఉన్న చేలలో. మరుసటి ఏడాది పంజాబ్‌లోని బఠిండా దగ్గర కూడా అలాగే. పురుగు అప్పటికే పాతుకుపోయిన రాష్ట్రాల నుంచి మిల్లులకు వచ్చిన సరుకులో అది కూడా వచ్చింది. అప్పుడు మిల్లుల చుట్టూ కొద్ది కిలోమీటర్ల మేర గట్టిగా కాపలా పెట్టి ఉంటే సరిపోయేది. 2021లో బఠిండా, మాన్సా జిల్లాల పత్తి పెద్దఎత్తున దెబ్బతింది. 2023లో రాజస్థాన్‌లో హనుమాన్‌గఢ్, శ్రీగంగానగర్ వంతు వచ్చింది. పంజాబ్‌లో 2021లో రెండున్నర లక్షల హెక్టార్లున్న పత్తి 2024లో లక్ష హెక్టార్ల లోపుకు పడిపోయింది. దానికి ఈ పురుగొక్కటే కారణం కాదు. తెల్లదోమ ఉంది, వాతావరణం ఉంది, వరి మీద మోజు ఉంది. అయినా రైతును పత్తి నుంచి తరిమినవాటిలో గులాబి పురుగు ముందు వరసలో ఉంది.

ఇంతకీ బీటీ ఏమైంది? 2002 మార్చిలో అనుమతి వచ్చిన మొదటి బీటీ పత్తిలో ఒక జన్యువు ఉండేది, క్రై1ఏసీ. 2006లో రెండు జన్యువుల బోల్‌గార్డ్-2 వచ్చింది. 2008లో గుజరాత్‌లోని అమ్రేలీ నుంచి సేకరించిన గులాబి పురుగుల సంతతి క్రై1ఏసీని తట్టుకుంటోందని ఢిల్లీ పూసా సంస్థలో ధురువా, గుజర్ అనే శాస్త్రవేత్తలు పరీక్షించి 2011లో ప్రచురించారు. ఆ జన్యువును తెచ్చిన మాన్‌సాంటో కూడా 2010 మార్చిలో గుజరాత్‌లోని నాలుగు జిల్లాల్లో నిరోధకత వచ్చిందని ఒప్పుకుంది. రెండో జన్యువు కూడా ఎన్నాళ్లో నిలవలేదు. 2014, 2015 నాటికి బోల్‌గార్డ్-2 కాయల్లో పురుగు హాయిగా పెరగడం గుజరాత్‌లో కనపడింది. తర్వాత మహారాష్ట్ర, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్. నాగపూర్‌లోని కేంద్ర పత్తి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి పురుగులు సేకరించి, రెండు జన్యువులకూ నిరోధకత వచ్చిందని 2018లో ఆధారాలతో ప్రచురించారు.

దీనికి రైతునొక్కణ్నే నిందించేవాళ్లున్నారు. బీటీ ప్యాకెట్‌తో పాటు ఇచ్చిన 120 గ్రాముల నాన్‌బీటీ గింజలను చేను చుట్టూ వేయలేదన్నది నిజమే. ఆ గింజలు ఎందుకో అతనికి అర్థమయ్యేలా చెప్పినవాళ్లెంతమంది? నిరోధకత తెచ్చుకున్న పురుగు నిరోధకత లేని పురుగుతో జత కడితే వాటి పిల్లలు బీటీ కాయ తిని చస్తాయి. ఆ నిరోధకత లేని పురుగులు బతకడానికే నాన్‌బీటీ మొక్కలు కావాలి. పత్తిని తినే ఇంకో పురుగు పచ్చపురుగు. దానికి కంది, శనగ, టమాటా, మిర్చి అన్నీ తిండే. బీటీ తాకని పురుగులు దానికి ఎప్పుడూ మిగిలి ఉంటాయి. అందుకే అది బీటీకి చాలాకాలం లొంగింది. గులాబి పురుగుకు మాత్రం పత్తి తప్ప చెప్పుకోదగ్గ తిండి లేదు. ఊరంతా బీటీ అయితే దానికి తప్పించుకునే చోటు లేదు, నిరోధకత తెచ్చుకోవడం తప్ప.

ఇంకో సంగతి ఉంది, దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. ఇతర దేశాలు ఎక్కువగా సూటి రకాలు వేస్తే మనం దాదాపు అంతా సంకర విత్తనాలు వేశాం. సంకర మొక్కలో ఆ జన్యువులు ఒక్కో ప్రతిగానే ఉంటాయి కాబట్టి కాయలోని గింజల్లో అవి చీలిపోతాయి. బోల్‌గార్డ్-2 సంకరం కాయలో సగటున 16 గింజలు తీసుకుంటే, 9 గింజల్లో రెండు జన్యువులూ ఉంటాయి. మూడింటిలో ఒకటి, మరో మూడింటిలో రెండోది ఉంటాయి. ఒక గింజలో ఏదీ ఉండదు. గింజ నుంచి గింజకు తొలుచుకుపోయే పురుగుకు ఒకే కాయలో విషం లేని గింజ, సగం విషం ఉన్న గింజ, పూర్తి విషం ఉన్న గింజ దొరికాయి. నిరోధకత నేర్పడానికి ఇంతకంటే అనువైన ఏర్పాటు ఉండదు. ఈ తప్పు రైతుది కాదు. విత్తన విధానం చేసినవాళ్లది.

ఇప్పుడు ఊళ్లలో దొంగచాటుగా 'బీజీ-3' పేరుతో గింజలు అమ్ముతున్నారు. అది గడ్డిమందును తట్టుకునే పత్తి మాత్రమే. అందులో గులాబి పురుగును చంపే కొత్త జన్యువు ఒక్కటీ లేదు. ఆ పేరు చూసి పురుగు రాదనుకుని వేస్తున్న రైతులున్నారు. ఇది నన్ను చాలా బాధపెడుతుంది.

పురుగు లోపలుంటే పైన కొట్టే మందు ఏమవుతుందో పెన్‌గంగకు అవతల, మహారాష్ట్రలోని యవత్మాల్ చూపించింది. 2017లో ఆ జిల్లాలో పత్తికి మందు కొడుతూ విషం ఎక్కి 20 మందికి పైగా చనిపోయారు, వందల మంది ఆసుపత్రి పాలయ్యారు. ఏపుగా పెరిగిన చేలలో, మందుల మీద మందులు కలిపి, ముఖానికి గుడ్డ కూడా లేకుండా కొట్టారు. ఏటిని దాటితే మన ఆదిలాబాద్. తెలంగాణలో ఏటా 40 లక్షల ఎకరాలకు పైగా పత్తి వేస్తున్నారు. ఇంత విస్తీర్ణంలో ఇదే పురుగు, ఇవే విత్తనాలు, ఇవే మందులు.

ఈ పురుగును ఓడించడం అసాధ్యం కాదు. అమెరికాలో టెక్సాస్‌లో కనపడ్డ వందేళ్లకు, 2018 అక్టోబరులో, అక్కడి పత్తి ప్రాంతాల్లో గులాబి పురుగును నిర్మూలించినట్టు వ్యవసాయ శాఖ ప్రకటించింది. అరిజోనా రైతులు 2005 దాకా నాన్‌బీటీ చేలు క్రమం తప్పకుండా వేశారు. 2006 నుంచి సంతానం కలగకుండా చేసిన రెక్కల పురుగులను విమానాల నుంచి వందల కోట్లలో వదిలారు. వీటన్నిటి కిందా ఒక పాత నియమం ఉంది: ఫలానా తేదీలోగా పత్తి మోళ్లు దున్నేయాలి, లేకపోతే చట్టరీత్యా జరిమానా. చైనాలో యాంగ్జీ నది లోయలో ఇంకో దారి అనుకోకుండా తెరుచుకుంది. అక్కడి రైతులు ఖర్చు తగ్గుతుందని బీటీ సంకరం రెండో తరం గింజలు వేశారు. వాటిలో నాలుగో వంతు మొక్కలు నాన్‌బీటీ. పదకొండేళ్ల లెక్కలు చూస్తే పురుగులో పెరుగుతున్న నిరోధకత వెనక్కి తగ్గిందని 2017లో ప్రచురించారు.

మోళ్లు పీకించే చట్టం మనకూ పాతదే. 1919లోనే మద్రాసు ప్రెసిడెన్సీ పంట తెగుళ్ల చట్టం చేసింది. కోయంబత్తూరు వైపు కంబోడియా పత్తి మొక్కలను గడువులోగా పీకేయాలని దాని కింద ఆదేశాలిచ్చారు. బీటీ, పైరిత్రాయిడ్ మందులు ఏవీ లేని రోజుల్లో చేతిలో ఉన్న ఆయుధం అదొక్కటే, అది సరైనదే. మందులూ జన్యువులూ వచ్చాక దాన్ని మర్చిపోయాం.

అయితే ఆఖరు ఏరుడు పైసలే మిగిలేవన్న ఆ ఆదిలాబాద్ కుర్రాడి మాట తేలిగ్గా తీసేయదగ్గది కాదు. మొదటి రెండు ఏరుళ్ల డబ్బు విత్తనానికీ, ఎరువుకూ, కూలికే సరిపోతే, ఆఖరి ఏరుడు వదులుకోమని చెప్పడానికి మనకు అధికారం ఎక్కడిది? జనవరి తర్వాత చేను ఖాళీ చేస్తే ఏం వేయాలో, నీళ్లెక్కడివో కూడా చెప్పగలగాలి. తక్కువ కాలంలో ఒకేసారి కాపుకొచ్చే రకాలను దగ్గర దగ్గరగా వేసి, రెండు ఏరుళ్లలో ముగించే పద్ధతిని 2023-24 నుంచి కేంద్ర పత్తి పరిశోధన సంస్థ రైతుల పొలాల్లో చేయిస్తోంది. నా ఆశ ఎక్కువగా దాని మీదే. మన లాంలో, నంద్యాలలో, వరంగల్‌లో పత్తి మీద దశాబ్దాలు పనిచేసిన కేంద్రాలున్నాయి. ఆరు నెలల లోపు చేను ఖాళీ చేసే సూటి రకాలు వాళ్ల దగ్గర నుంచి ఊళ్లకు చేరాలి. భారత పత్తి సంస్థ (సీసీఐ) కొనుగోళ్లు నవంబరులోనే సజావుగా సాగితే, ధర కోసం ఇంట్లో పత్తి నిల్వ పెట్టుకునే అవసరం రైతుకు ఉండదు. ఇంట్లో నిల్వ ఉన్న పత్తి కూడా జోడు గింజలకు నెలవే.

అప్పటిదాకా రైతు చేతిలో ఉన్న పనులు కొన్ని ఉన్నాయి. డిసెంబరు చివరికల్లా నీళ్లు ఆపేయాలి. ఏరుడు అయ్యాక చేలోకి గొర్రెలనూ మేకలనూ తోలించాలి. అవి మిగిలిన కాయలను లోపలి పురుగుతో సహా తినేస్తాయి. గొల్ల, కురుమ మందలున్న ఊళ్లలో దీనికి పైసా ఖర్చు లేదు. తర్వాత కట్టెను పీకి, రోటావేటర్‌తో ముక్కలు చేసి మట్టిలో కలపాలి. పొయ్యిలోకని గట్టు మీద కుప్ప పెట్టిన కట్టెలో ఎండు కాయలుంటాయి. ఉత్తరాది చేలలో పురుగు ఏటా తిరిగి రావడానికి ఆ కుప్పలు పెద్ద కారణమయ్యాయి. పంట కాలంలో హెక్టారుకు 5 లింగాకర్షక బుట్టలు కట్టి చూసుకోవాలి. వరుసగా మూడు రాత్రులు బుట్టకు 8 చొప్పున పడితే, లేదా కోసి చూసిన కాయల్లో పదింట ఒకదానిలో పురుగుంటే, అప్పుడు మందు గురించి ఆలోచించాలి. గుడ్డిపూలను కనపడ్డ చోటల్లా తుంచి కాల్చేయాలి.

జిన్నింగ్ మిల్లుల సంగతి రైతు చేతిలో లేదు. ఆదోనిలో, వరంగల్‌లో, ఆదిలాబాద్‌లో మిల్లుల ఆవరణల్లో గింజల గుట్టలు ఎండాకాలమంతా ఉంటాయి. మార్చి, ఏప్రిల్ నుంచి వాటిలోంచి రెక్కల పురుగులు లేస్తుంటాయి. చేలో గూడ లేని రోజుల్లో లేచినవి గుడ్లు పెట్టే చోటు లేక చస్తాయి. కాస్త నీటి వసతి ఉండి మే నెలలోనే పత్తి వేసిన చేను ఆ దగ్గరలో ఒక్కటి ఉన్నా చాలు, ఆ ఏడాది మొదటి తరానికి. ప్రతి మిల్లు ఆవరణలోనూ ఫిబ్రవరి నుంచే బుట్టలు కట్టాలి. గింజలను వేసవి ముగిసేలోగా నూనెకు ఆడించాలి. మిల్లు చెత్తను రోజుకారోజు తగలబెట్టాలి. బుట్టల్లో పడ్డ పురుగుల లెక్కను వారం వారం చుట్టుపక్కల గ్రామాల్లో గోడ మీద రాయాలి. జీంద్‌లో ఆ మొదటి సీజన్లో కావలసింది ఈ లెక్కే. మన మిల్లుల దగ్గర దాన్ని మొదలుపెట్టడానికి కొత్త విత్తనం అక్కర్లేదు, కొత్త చట్టం కూడా అక్కర్లేదు. జిల్లా వ్యవసాయ అధికారి, మిల్లు యజమాని కలిసి కూర్చుంటే ఒక్క పూటలో తేలే పని.